పోలండ్‌లో విగీలియా విందుకు పిలుపు వస్తే ఏం చేయాలి

డిసెంబర్ మూడో వారం దాటేసరికి వార్సా, వ్రొత్స్వాఫ్, వూచ్, క్రాకూఫ్ నగరాల్లో హాస్టళ్లు ఖాళీ అయిపోతాయి. పోలిష్ పిల్లలందరూ బ్యాగులు సర్దుకుని ఊళ్లకు రైలెక్కేస్తారు. మిగిలేది మనలాంటి వాళ్లే. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో చదువుకోడానికి వచ్చి, విమానం టికెట్ ధర చూసి ఆగిపోయిన వాళ్లం. అలాంటప్పుడు క్లాస్‌మేటో, ఆఫీసులో పక్క సీటావిడో "24న మా ఇంటికి రా" అంటే చాలామంది మొహమాటపడి ఏదో సాకు చెప్పేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పోలండ్‌లో ఎవరూ ఆ పిలుపును మాటవరసకు పిలవరు.

డిసెంబర్ 24 సాయంత్రం ఇంట్లో వాళ్లంతా కలిసి చేసే భోజనమే విగీలియా. అక్కడి వాళ్లకు 25వ తేదీ కంటే ఆ సాయంత్రమే పెద్ద పండగ. పోలిష్ సంప్రదాయాల్లో సగం ఆ ఒక్క బల్ల చుట్టూ కనిపిస్తాయి. అందుకే, కోటలూ మ్యూజియాలూ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ పిలుపు అందుకోండి అంటాను. వెళ్లే ముందు నుంచి తిరిగొచ్చే దాకా ఏం చేయాలో వరసగా చెబుతాను.

పిలుపు రాగానే అడగాల్సినవి

"వస్తాను" అని స్పష్టంగా చెప్పండి. "చూద్దాం, కుదిరితే వస్తా" అనకండి. బల్ల దగ్గర సరిసంఖ్యలో మనుషులు కూర్చోవాలని, లేకపోతే మంచిది కాదని పాతకాలం వాళ్లు నమ్ముతారు. ఎన్ని పళ్లేలు పెట్టాలో ముందే లెక్క వేసుకుంటారు. చెప్పకుండా ఇంకో ఫ్రెండ్‌ని వెంటబెట్టుకుని వెళ్లడం కూడా బాగుండదు. రూమ్‌మేట్ ఒంటరిగా ఉంటే ఆ మాట ముందే చెప్పండి. చాలా ఇళ్లలో "అతన్నీ తీసుకురా" అనే అంటారు.

తర్వాత మూడు విషయాలు అడిగి పెట్టుకోండి: ఎన్నింటికి రావాలి, ఎలా రావాలి, కానుకలు ఇచ్చిపుచ్చుకుంటారా. 2025 నుంచి డిసెంబర్ 24 అధికారిక సెలవు దినం. షాపులు మూసేస్తారు కాబట్టి కొనాల్సినవన్నీ 23వ తేదీలోపే కొనేయాలి. సాయంత్రం అయ్యేకొద్దీ బస్సులు, ట్రాములు పల్చబడతాయి. చిన్న ఊళ్లకైతే బస్సు ఉండకపోవచ్చు. తిరుగు ప్రయాణం ఎలాగో ముందే తేల్చుకోకపోతే అక్కడ కూర్చున్నంతసేపూ అదే టెన్షన్. రాత్రికి ఉండిపొమ్మంటే ఉండిపోవచ్చు. 25, 26 రెండూ సెలవులే.

తిండి సంగతి ముందే చెప్పండి

శాకాహారులకు శుభవార్త. సంప్రదాయం ప్రకారం విగీలియా విందులో మాంసం ఉండదు. అయితే ఒక మెలిక ఉంది. అక్కడి లెక్కలో చేప మాంసం కాదు. "నేను మాంసం తినను" అంటే "పరవాలేదు, చేపే కదా" అని ప్లేటులో పెద్ద ముక్క పెట్టేస్తారు. కాబట్టి రెండూ విడివిడిగా చెప్పాలి: "న్యె యెమ్ మియెన్సా అని రిప్", అంటే మాంసమూ చేపలూ తినను అని. గుడ్డు తినకపోతే అది కూడా చెప్పండి, ఎందుకంటే కేకుల్లోనూ కొన్ని పిండివంటల్లోనూ గుడ్డు పడుతుంది. ఈ మాట వారం రోజుల ముందు చెబితే ఇంటావిడకు ఏ ఇబ్బందీ ఉండదు. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే ఆవిడకు బాధ.

ఏం తీసుకెళ్లాలి

ఇంటావిడకు పూలు తీసుకెళ్లడం మర్యాద. పూలు బేసి సంఖ్యలో ఉండాలి. మూడో, ఐదో, ఏడో. సరిసంఖ్య పూలు అంత్యక్రియలకు. చామంతులు అసలు వద్దు, అవి సమాధుల మీద పెట్టేవి. మన ఇళ్లలో పూజకీ పెళ్లికీ వాడే పువ్వు కాబట్టి షాపులో చూడగానే చెయ్యి అటే వెళుతుంది, గుర్తుపెట్టుకోండి.

పూలతో పాటు ఒక చాక్లెట్ డబ్బా, పిల్లలుంటే వాళ్లకు చిన్న బొమ్మో పుస్తకమో చాలు. ఖరీదైనవి ఇస్తే వాళ్లే ఇబ్బందిపడతారు. ఇంటి నుంచి పంపిన సున్నుండలో, పూతరేకులో, జీడిపప్పు పాకమో ఉంటే నిక్షేపంగా తీసుకెళ్లండి. వాళ్లకు అదే పెద్ద విశేషం. చికెన్ బిర్యానీ మాత్రం ఆ రోజు వద్దు. మీరు ఎంత ప్రేమతో చేసుకెళ్లినా మాంసం లేని భోజనంలోకి మాంసం తీసుకెళ్లినట్టే అవుతుంది.

గుమ్మం దగ్గర

చెప్పిన సమయానికి వెళ్లండి. ఐదు నిమిషాలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, అరగంట ఆలస్యం మాత్రం వద్దు. ఆకాశంలో మొదటి చుక్క కనబడ్డాకే భోజనం మొదలుపెట్టాలన్నది ఆచారం. డిసెంబర్‌లో మూడున్నరకే సూర్యుడు దిగిపోతాడు కాబట్టి నాలుగు, ఐదు గంటలకే బల్ల సిద్ధమవుతుంది. పిల్లలు కిటికీ దగ్గర చుక్క కోసం కాచుకుని ఉంటారు.

మంచి బట్టలు వేసుకోండి. మగవాళ్లకు ఇస్త్రీ చొక్కా, ఆడవాళ్లకు కుర్తా అయినా చీర అయినా బాగుంటుంది. జీన్స్, హుడీ వద్దు. గుమ్మానికి అటూ ఇటూ నిలబడి చెయ్యి కలపకూడదు, అది అశుభమంటారు. లోపలికి అడుగు పెట్టాకే చెయ్యి చాపండి. బూట్లు విప్పబోతే ఇంటివాళ్లు "వద్దులే" అనొచ్చు. అయినా విప్పడమే మేలు. ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు వాళ్లే ఇస్తారు. సాక్సులు చిరుగు లేనివి వేసుకెళ్లండి.

మీ ఫ్రెండ్ అమ్మానాన్నలను పేరు పెట్టి పిలవకండి. పెద్దావిడను "పాని", పెద్దాయనను "పాన్" అంటూ మర్యాదగా మాట్లాడాలి. ఏదైనా అడగాలంటే "ప్రోషె పాని" అని మొదలుపెడితే చాలు. ఇంట్లోకి రాగానే "జెన్ దోబ్రి", చీకటి పడితే "దోబ్రి వియెచుర్" అనండి. "నన్ను పేరుతో పిలువు" అని పెద్దవాళ్లు తమంతట తాము అంటే అప్పుడు పిలవండి. చిన్నవాళ్లం మనం ఆ ప్రస్తావన తేకూడదు.

ఒక మాట. మొదటి పది నిమిషాలు వాళ్లు పెద్దగా నవ్వకపోవచ్చు. పోలండ్‌లో పరిచయం లేని వాళ్లతో ఊరికే నవ్వే అలవాటు తక్కువ. మీరు రావడం ఇష్టం లేదేమో అనుకోకండి.

బల్ల దగ్గర కూర్చునే ముందు

తెల్లటి బట్ట కింద ఏదో ఎత్తుగా తగులుతుంది. అది గడ్డి. ఏసు పశువుల కొట్టంలో పుట్టాడన్నదానికి గుర్తుగా గుప్పెడు ఎండుగడ్డి పరుస్తారు. పూర్వం పెళ్లికాని అమ్మాయిలు ఆ బట్ట కింద నుంచి ఒక్కో పోచ లాగి జోస్యం చూసుకునేవారు.

ఒక కుర్చీ ముందు పళ్లెం, గ్లాసు, చెంచాలు అన్నీ ఉంటాయి కానీ మనిషి ఉండడు. ఖాళీగా ఉంది కదా అని అక్కడ కూర్చోకండి. అనుకోకుండా తలుపు తట్టే అతిథి కోసం పెట్టే చోటు అది. చాలా ఇళ్లలో, చనిపోయిన సొంతవాళ్ల కోసమని కూడా అనుకుంటారు. ఈ దేశాన్ని 1795 నాటికి పక్క రాజ్యాలు మూడూ పూర్తిగా పంచేసుకున్నాయి. 1918 దాకా పోలండ్ పటంలోనే లేదు. తిరగబడిన వాళ్లను సైబీరియాకు తరలించారు. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. తిరిగిరాని మనిషి లేని కుటుంబం దాదాపు లేదు. ఆ పళ్లెం గురించి మీరుగా అడిగితే ముసలివాళ్లు సంతోషంగా చెబుతారు. అడగండి, కానీ భోజనం అయ్యాక.

ఒప్వాతెక్ పంచుకోవడం

నా దృష్టిలో ఆ సాయంత్రానికి ప్రాణం ఇదే. విగీలియా గురించి చెప్పేవాళ్లంతా పన్నెండు వంటకాల దగ్గరే ఆగిపోతారు. వంటకాల కోసం మీరు సిద్ధం కావాల్సిందేమీ లేదు, పెట్టింది తినడమే. దీనికి మాత్రం సిద్ధమై వెళ్లాలి.

ఒప్వాతెక్ అంటే మైదా, నీళ్లు కలిపి అచ్చులో కాల్చిన పల్చటి తెల్లటి రేకు. అరచెయ్యంత ఉంటుంది, పైన ఏసు పుట్టుక బొమ్మ ఉబ్బెత్తుగా అచ్చువేసి ఉంటుంది. రుచంటూ ఏమీ ఉండదు. ఇది చర్చిలో ప్రార్థనలో ఇచ్చే సంస్కారపు రొట్టె కాదు. కాబట్టి హిందువులైనా, ముస్లింలైనా, వేరే చర్చికి వెళ్లే క్రైస్తవులైనా పంచుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు.

ముందు ఇంటి పెద్ద ప్రార్థన చేస్తారు, కొన్ని ఇళ్లలో బైబిల్లో లూకా సువార్త నుంచి ఏసు పుట్టిన ఘట్టం చదువుతారు. అందరూ లేచి నిలబడతారు. తలా ఒక ఒప్వాతెక్ చేతిలోకి తీసుకుంటారు. అప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లాలి. మీ రేకు ఎదుటివారి ముందుకు చాపండి. వాళ్లు గోరంత ముక్క విరుచుకుంటారు. వాళ్లది మీరు విరుచుకోండి. ఆ ముక్క నోట్లో వేసుకుని, వాళ్లకు ఏం జరగాలని కోరుకుంటున్నారో చెప్పండి. ఆ తర్వాత వాళ్లు మీకు చెబుతారు. చెంపకు చెంప ఆనించడమో కౌగిలించుకోవడమో ఉంటుంది. ఇలా ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరితోనూ. పదిమంది ఉంటే అరగంట పడుతుంది, సూప్ చల్లారిపోయినా ఎవరూ తొందరపడరు.

నేను వెళ్లే ఇంట్లో ఒక బామ్మ ఉంది. లుబ్లిన్ వైపు పల్లెటూరు. ఆవిడ ముక్క విరుచుకున్నాక నా చెయ్యి వదలదు. మోకాలి నొప్పితో బల్లకు ఆనుకుని నిలబడి, ముందు మా అమ్మ పేరు అడుగుతుంది. మా అమ్మ ఆరోగ్యం కోరుతుంది. తర్వాత నా ఉద్యోగం, నాకు మంచి తోడు దొరకడం, చలికాలంలో జలుబు చేయకుండా ఉండడం, అన్నీ వరసగా. అయ్యాక కళ్లలోకి చూస్తూ ఆగుతుంది. ఇప్పుడు నా వంతు. అక్కడ "హ్యాపీ క్రిస్మస్" అని చెప్పి ఊరుకుంటే ఎంత వెలితిగా ఉంటుందో ఆ క్షణంలో నిలబడితే గానీ తెలియదు.

అందుకని బయల్దేరే ముందు రోజు పది నిమిషాలు కూర్చోండి. ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారో మీ ఫ్రెండ్‌ని అడిగి, ఒక్కొక్కరికీ ఒక్కో మాట అనుకోండి. చెల్లెలికి ఎనిమిదో తరగతి తర్వాత మంచి హైస్కూలు సీటు, నాన్నకు వెన్నునొప్పి తగ్గడం, ఫ్రెండ్‌కి థీసిస్ గట్టెక్కడం. ఇంగ్లిష్‌లో చెప్పినా ఫర్వాలేదు, ఎవరో ఒకరు పోలిష్‌లోకి మార్చి చెబుతారు. పోలిష్‌లో రెండు మాటలు వస్తే ఇంకా మంచిది. "జ్‌ద్రోవియా" అంటే ఆరోగ్యం. వాళ్లు కోరుకున్నాక "నవ్‌జాయెమ్" అంటే మీకూ అదే జరగాలి అని. పండగ శుభాకాంక్షలకు "వెసోవిఖ్ ష్వియొంత్". మాటలు తడబడినా మనసు పెట్టి చెబితే వాళ్లకు అర్థమవుతుంది.

ఆ ఇంట్లో ఇద్దరి మధ్య మాటల్లేకపోతే వాళ్లు కూడా ఈ రేకు పట్టుకుని ఎదురెదురుగా నిలబడాలి. విగీలియా ఎలా గడిస్తే ఏడాదంతా అలాగే గడుస్తుందని వాళ్ల నమ్మకం. ఉగాది నాడు పిల్లల్ని ఏడవనివ్వకపోవడం, ఇంట్లో గొడవ పడొద్దనడం మనకు తెలిసినదే కాబట్టి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

పన్నెండు వంటకాలు

పన్నెండుమంది శిష్యులకు గుర్తుగా పన్నెండు రకాలు చేస్తారు. అన్నీ కనీసం రుచి చూడాలని పట్టు. అందుకని మొదటి నాలుగింటికే కడుపు నింపుకోకండి. ప్రతిదీ రెండు చెంచాలు చాలు.

ఎక్కువ ఇళ్లలో మొదట వచ్చేది బర్ష్చ్. పులియబెట్టిన బీట్‌రూట్ నీళ్లతో చేసే ఎర్రటి చారు. పుల్లగా, కొంచెం తియ్యగా ఉంటుంది. విగీలియా నాడు ఎముకల రసం వాడకుండా కూరగాయలూ ఎండు పుట్టగొడుగులతోనే కాస్తారు. అందులో ఉష్కా తేలుతుంటాయి. బొటనవేలి గోరంత పిండి మడతల్లో పుట్టగొడుగుల ముద్ద. పొద్దున్నుంచి ఇంట్లో ఆడవాళ్లు, ఈ కాలంలో మగవాళ్లు కూడా, కూర్చుని ఒక్కొక్కటీ వేళ్లతో మడుస్తారు. కొన్ని గంటల ముందే వెళ్లే చనువుంటే ఆ పనిలో చెయ్యి కలపండి. ఆ ఇంటితో కలిసిపోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. కొన్ని ఇళ్లలో బర్ష్చ్ బదులు పుట్టగొడుగుల సూప్ ఉంటుంది. ఆ పుట్టగొడుగులు చాలావరకు సెప్టెంబర్, అక్టోబర్‌లలో వాళ్లే అడవికి వెళ్లి ఏరి, దారానికి గుచ్చి ఎండబెట్టుకున్నవి. ఎక్కడ ఏరారో మాత్రం అడగకండి, మంచి చోటు ఎవరూ చెప్పరు.

కజ్జికాయల్లా మడిచి ఉడికించే పియెరోగి గురించి మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. ఆ రోజు లోపల పుల్ల క్యాబేజీ, పుట్టగొడుగులు పెడతారు. మామూలు రోజుల్లో హోటల్లో తినేటప్పుడు శాకాహారులు జాగ్రత్త. బంగాళదుంప, పన్నీరు లాంటి జున్ను పెట్టిన పియెరోగి పైన కూడా వేయించిన పంది కొవ్వు చల్లుతారు. "బెస్ స్క్వార్కుఫ్" అంటే అది లేకుండా ఇస్తారు.

చేపల్లో రాజు కార్ప్. మన చెరువుల్లో పెంచే బంగారు తీగే ఇది. క్రాకూఫ్‌కి పడమట జాతోర్ అనే ఊరి కార్ప్‌కు మంచి పేరు. పాతరోజుల్లో బతికున్న చేపను రెండు మూడు రోజుల ముందే కొని స్నానాల తొట్టిలో వదిలేవారు, పిల్లలు దానికి పేరు కూడా పెట్టుకునేవారు. ఇప్పుడు ఎక్కువమంది ముక్కలే కొంటున్నారు. పిండిలో పొర్లించి నూనెలో వేయిస్తారు. ముళ్లు ఎక్కువ, ఫోర్కూ కత్తితో తినాలి కాబట్టి నెమ్మదిగా తినండి. పొలుసు ఒకటి కడిగి చేతిలో పెడితే పర్సులో దాచుకోండి, ఏడాదంతా డబ్బు నిలుస్తుందట.

తూర్పు వైపు మూలాలున్న ఇళ్లలో కుతియా ఉంటుంది. ఉడికించిన గోధుమలు, గసగసాలు, తేనె, బాదం, కిస్‌మిస్. నాకు ఆ బల్ల మీద అన్నిటికంటే ఇష్టమైనది అదే. గసగసాలు రుబ్బి చుట్టిన మకోవియెత్స్ కేకు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. తాగడానికి ఎండు పళ్లు కాచిన కొంపోత్. అందులో పొగబెట్టిన ఎండు ఆల్బుకరా పళ్లు వేస్తారు కాబట్టి మొదటి గుక్కలో పొగ వాసన గుప్పుమంటుంది. ముఖం చిట్లించకుండా రెండో గుక్క తాగండి. అరుగుదలకు మంచిది, అలవాటయ్యాక బాగుంటుంది.

బల్ల దగ్గర ఒక మాట వాడేటప్పుడు జాగ్రత్త. "ఇంకొంచెం వేయనా" అంటే థాంక్యూ అనే ఉద్దేశంతో "జెంకుయె" అంటే "వద్దు" అని అర్థం చేసుకుని గిన్నె వెనక్కి తీసేస్తారు. కావాలంటే "తాక్, ప్రోషె" అనాలి. చాలా ఇళ్లలో ఆ సాయంత్రం మందు ఉండదు. ఉన్నా, మీరు తాగకపోతే "న్యె పియెన్" అని చెప్పేయండి, కారణాలు చెప్పక్కర్లేదు.

భోజనం అయ్యాక

కొలెండి అనే క్రిస్మస్ పాటలు పాడతారు. పాటలు రాకపోతే తాళం వేస్తూ కూర్చోండి. మిమ్మల్నీ ఒక పాట పాడమంటారు, చిన్నదొకటి సిద్ధంగా ఉంచుకోండి. తర్వాత చెట్టు కింద కానుకలు తీస్తారు. అవి ఎవరు తెచ్చారో చెప్పడంలో ఒక్కో ప్రాంతానిది ఒక్కో కథ. క్రాకూఫ్ వైపు దేవదూత, పోజ్నాన్ వైపు క్రిస్మస్ తాత లాంటి గ్వియాజ్‌దోర్, సైలీసియాలో బాల ఏసు. చిన్నపిల్లల ముందు ఆ ఇంటి కథే ఖాయం చేయండి.

అర్ధరాత్రి చర్చిలో పాస్తెర్కా ప్రార్థన. రమ్మంటే వెళ్లండి, వెనక నిలబడి చూడొచ్చు. క్యాథలిక్కులు కాకపోతే రొట్టె అందుకునే వరసలోకి వెళ్లకండి. పాత చర్చిలు లోపల కూడా చల్లగా ఉంటాయి, కోటు విప్పకండి.

వచ్చేటప్పుడు డబ్బాల్లో, గాజు సీసాల్లో తిండి కట్టిస్తారు. వద్దనకండి. సీసా కడిగి తిరిగివ్వాలి, ఆ సీసాల్లో వాళ్లు ఏటా పచ్చళ్లూ జాములూ పెట్టుకుంటారు. ఖాళీగా ఇవ్వలేం కదా, కారం తక్కువగా కలిపిన నిమ్మకాయ పచ్చడి నింపి ఇవ్వండి. పులుపు వాళ్లకు ఇష్టమే.

మిగతా ఏడాది

ఒకసారి విగీలియాకు వెళ్లాక మిగతా పండగల పిలుపులూ వస్తాయి. జనవరి 6న, పసివాడైన ఏసును చూడ్డానికి వచ్చిన ముగ్గురు రాజుల పండగ, సెలవు. తలుపుల మీద సుద్దతో కె, ఎం, బి అక్షరాలూ సంవత్సరమూ రాస్తారు, తుడవకండి. ఫిబ్రవరి ప్రాంతంలో, ఈస్టర్‌కు ముందు చేసే లెంట్ ఉపవాసాలు మొదలయ్యే ముందు వచ్చే ఆఖరి గురువారం పోంచ్కి తినే రోజు. గులాబీ జాము పెట్టిన ఈ డోనట్ల కోసం బేకరీల ముందు పొద్దున్నే క్యూలుంటాయి. ఆఫీసుకు ఒక డబ్బా పట్టుకెళితే చాలు. ఈస్టర్ ముందు శనివారం గుడ్లు, రొట్టె, ఉప్పు, సాసేజ్ బుట్టలో పెట్టి చర్చిలో దీవెన చేయించి తెస్తారు. ఈస్టర్ సోమవారం ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకుంటారు. ఆ రోజు ఫోన్ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని బయటికెళ్లండి.

వార్సాలో ఉంటే ఆగస్టు 1 సాయంత్రం 5 గంటలకు సైరన్లు మోగుతాయి. నాజీల మీద 1944 తిరుగుబాటు మొదలైన ఘడియ అది. రోడ్డు మీద జనం, బస్సులు, కార్లు నిమిషంపాటు ఆగిపోతాయి. మీరూ ఫోన్ మాట్లాడడం ఆపి నిలబడండి. నవంబర్ 1న అందరూ సమాధుల దగ్గరికి వెళతారు. ఆ రోజు పార్టీ పెట్టుకుని వాళ్లను పిలవకండి.

ఇక ఇమియెనిని. పోలిష్ క్యాలెండర్‌లో ప్రతి తేదీకి కొన్ని పేర్లుంటాయి. ఆ పేరున్న వాళ్లకు ఆ రోజు పండగ. జూన్ 24 యాన్, జులై 26 అన్నా, నవంబర్ 30 ఆంద్జెయ్, డిసెంబర్ 4 బార్బరా. పెద్దవాళ్లలో చాలామందికి పుట్టినరోజు కంటే ఇదే ముఖ్యం. "స్తో లాత్" అని నూరేళ్లు బతకమని పాడతారు. మిమ్మల్ని విగీలియాకు పిలిచిన ఇంట్లో అందరి పేర్లూ రాసుకుని, ఆ తేదీలు క్యాలెండర్‌లో వెతికి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేయండి, మెసేజ్‌తో సరిపెట్టకండి.